ముంబయి నుంచి ముంబయికి, హాంకాంగ్ మీదుగా: జీ టీవీ సరిహద్దు కథ

1992 చివర్లో జీ టీవీ కార్యక్రమం ఒకటి ఇంటికి చేరిన దారి చూడండి. చిత్రీకరణ ముంబయిలో. ఎడిటింగ్ కూడా అక్కడే. మధ్యలో వచ్చే సబ్బుల, టూత్‌పేస్టుల ప్రకటనలు అమ్ముడయ్యేదీ అక్కడే. ఆ తర్వాత టేపులు పెట్టెల్లో సర్దుకుని విమానంలో హాంకాంగ్ వెళ్లేవి. అక్కడ టేపు ఆడిస్తే, ఆ బొమ్మ హాంకాంగ్‌లోని భూకేంద్రం నుంచి 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహానికి ఎక్కి, మళ్లీ కిందికి దిగి, బహుశా ఆ స్టూడియో ఉన్న వీధిలోనే ఏదో మేడ మీది డిష్‌లో పడేది.

భాష మనది. నటులు మనవాళ్లు. పెట్టుబడి ఆలోచన మనవాడిది. చూసేవాళ్లు, ప్రకటనలకు డబ్బు కట్టేవాళ్లు కూడా ఇక్కడివాళ్లే. అయినా చట్టం లెక్కలో అది విదేశీ ఛానెల్. ఆకాశంలోకి సంకేతం ఎక్కించిన ఆ ఒక్క మెట్టు పరాయి నేల మీద ఉండటమే దానికి కారణం.

ఇంత చుట్టుదారి ఎందుకు పట్టాల్సివచ్చింది? ఎవరు ఆపారు, ఎవరు చూసీ చూడనట్టు వదిలేశారు? ఇవాళ మన ఇళ్లలో వందల ఛానెళ్లున్నాయి. వాటిని ఎవరు, ఏ అధికారంతో నియంత్రించాలన్న ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు. ఆ తేలకపోవడం మొదలైంది ఈ హాంకాంగ్ దారిలోనే అని నా అభిప్రాయం. అందుకే ఈ కథను కాస్త ఓపిగ్గా విప్పి చెప్పాలనిపించింది.

తంతి తీగల నాటి చట్టం

మన దేశంలో ప్రసారాలకు మూలాధారం చాలాకాలం పాటు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే. అప్పటికి టీవీ మాట అటుంచి, రేడియో కూడా లేదు. తంతి తీగల కోసం రాసుకున్న ఆ చట్టంలోని నాలుగో సెక్షన్, టెలిగ్రాఫులను నెలకొల్పే, నడిపే హక్కు ప్రభుత్వానికి మాత్రమే ఉంటుందని చెప్పింది. వేరెవరైనా నడపాలంటే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. తీగలు పోయి తరంగాలు వచ్చినా ఆ సెక్షన్ అలాగే నిలిచింది. రేడియోకు, ఆ తర్వాత టీవీకి అదే వర్తించింది. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైన టీవీ ప్రసారాలు దశాబ్దాలపాటు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయంటే కారణం అదే. హైదరాబాద్‌కు దూరదర్శన్ 1977లో వచ్చింది.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. హైదరాబాద్ నగరానికి కేంద్రం రాకముందే తెలుగు పల్లెలు కొన్ని ఉపగ్రహ టీవీ చూశాయి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఏడాదిపాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాల్లో డిష్‌లు, టీవీలు పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించిన కార్యక్రమాలు నేరుగా ఉపగ్రహం నుంచి చూపించారు. రచ్చబండ దగ్గర ఊరంతా కూర్చుని చూసిన టీవీ అది. ఆ ఉపగ్రహం మనది కాదు. అమెరికా సంస్థ నాసా ఏడాదికి మనకిచ్చిన ఏటీఎస్-6.

ఉపగ్రహం అమెరికాది, సంకేతం పంపింది మాత్రం అహ్మదాబాద్‌లోని మన భూకేంద్రం. కాబట్టి ఆ ప్రసారాన్ని ఎవరూ విదేశీ ప్రసారం అనలేదు. పదిహేడేళ్ల తర్వాత జీ టీవీ విషయంలోనూ ఉపగ్రహం పరాయిదే, చూసేవాళ్లు మనవాళ్లే. మారింది ఒక్కటే. సంకేతాన్ని పైకి పంపిన చోటు. దీన్నే అప్‌లింక్ అంటారు. ఒక ఛానెల్ ఏ దేశానిదో చట్టం నిర్ణయించింది తెర మీది భాషను బట్టి కాదు, అప్‌లింక్ చేసిన నేలను బట్టి.

పైకి పంపడం మీద 1885 చట్టానికి గట్టి పట్టు ఉంది. ఆకాశం నుంచి రాలిపడే సంకేతాన్ని పట్టుకోవడం గురించి మాత్రం దానికి పెద్దగా ఆలోచన లేదు. డిష్ పెట్టడానికి, కేబుల్ నడపడానికి లైసెన్సు కావాలా వద్దా అన్నది చాలా రోజులు అస్పష్టంగానే ఉండిపోయింది. ఆ సందులోంచే ఒక కొత్త పరిశ్రమ మొలిచింది.

దారి తప్పి, మళ్లీ బతికిన ఉపగ్రహం

జీ టీవీని మోసిన ఉపగ్రహం చరిత్ర వింటే నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే. దాని మొదటి పేరు వెస్టార్-6. 1984 ఫిబ్రవరిలో చాలెంజర్ వ్యోమనౌక దాన్ని అంతరిక్షంలోకి తీసుకెళ్లి వదిలింది. పైకక్ష్యకు నెట్టాల్సిన రాకెట్ మోటారు సరిగ్గా మండలేదు. ఉపగ్రహం ఎందుకూ పనికిరాని కక్ష్యలో చిక్కుకుపోయింది. అదే యాత్రలో వదిలిన ఇండొనేసియా ఉపగ్రహం పలాపాకూ అదే గతి పట్టింది. అదే ఏడాది నవంబరులో డిస్కవరీ వ్యోమనౌకలో వెళ్లిన జోసెఫ్ అలెన్, డేల్ గార్డ్నర్ శూన్యంలోకి బయటికొచ్చి రెండు ఉపగ్రహాలనూ పట్టుకుని భూమికి తెచ్చారు.

అలా తిరిగొచ్చిన వెస్టార్-6ను బాగుచేసి, ఏషియాశాట్-1 అని పేరు మార్చి, 1990 ఏప్రిల్ 7న చైనాలోని షీచాంగ్ నుంచి లాంగ్ మార్చ్ రాకెట్ మీద మళ్లీ పంపారు. దాన్ని కొన్న హాంకాంగ్ సంస్థలో మూడు వాటాలు. ఒకటి లీ కా-షింగ్‌కు చెందిన హచిసన్ వాంపోవా, ఒకటి బ్రిటిష్ కంపెనీ కేబుల్ అండ్ వైర్‌లెస్, మూడోది చైనా ప్రభుత్వ సంస్థ సీఐటీఐసీ. చైనా ప్రభుత్వపు వాటా సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ఈ ఉపగ్రహం భూమధ్యరేఖ మీద 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలబడింది. దానికి రెండు బీమ్‌లు. బీమ్ అంటే టార్చిలైటు వెలుగు గోడ మీద పడినట్టు సంకేతం నేల మీద పడే మేర. ఉత్తర బీమ్ చైనా, కొరియాల వైపు. దక్షిణ బీమ్ ఆగ్నేయాసియా నుంచి మన మీదుగా పశ్చిమాసియా దాకా. ఆ వెలుగుకు సరిహద్దు కంచెలు తెలియవు. లాహోర్ మీద, అమృత్‌సర్ మీద ఒకేలా పడుతుంది. ఢాకా మీద, కోల్‌కతా మీద కూడా అంతే.

సంకేతం సి-బ్యాండ్ అనే తరంగాల శ్రేణిలో వచ్చేది, దాని బలం తక్కువ. అందుకే పెద్ద డిష్ కావాలి. ఒక్కో ఇల్లు ఒక్కో డిష్ కొనడం సాధ్యం కాదు. వీధికొకరు డిష్ పెట్టి, వైరు లాగి, నెలకింత అని వసూలు చేసుకోవచ్చు. ఈ లెక్క నుంచి కేబుల్ ఆపరేటర్ పుట్టాడు. నిజానికి పెద్ద నగరాల అపార్టుమెంట్లలో వీసీఆర్‌తో సినిమాలు వేసే కేబుల్ అంతకుముందే ఉంది. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ బాగ్దాద్ నుంచి ప్రత్యక్షంగా చూపించినప్పుడు డిష్‌కు కొత్త విలువ వచ్చింది. మనవాళ్లు ఎంతోమంది గల్ఫ్‌లో ఉన్న రోజులు. అక్కడేం జరుగుతోందో రాత్రి వార్తల దాకా ఆగకుండా చూడగలగడం అంటే మాటలు కాదు. అదే ఏడాది లీ కా-షింగ్ కుటుంబం హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ మొదలుపెట్టింది. ఆటలు, పాటలు, బీబీసీ వార్తలు, అమెరికన్ సీరియళ్లు. అన్నీ ఉచిత ప్రసారాలే, డీకోడర్ అక్కర్లేదు.

చిత్రలహరి కోసం వారమంతా కాచుకుని కూర్చున్న ఇంట్లో పెరిగిన నాకు కేబుల్ వచ్చిన రోజు ఇంకా కళ్లముందే ఉంది. మా వీధి చివర డాబా మీద పెద్ద గొడుగును బోర్లించకుండా వెల్లకిలా పెట్టినట్టు డిష్ వెలిసింది. కొబ్బరిచెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా నల్లవైరు ఇంటింటికీ పాకింది. గాలివాన వచ్చిన మర్నాడు కేబుల్ అబ్బాయి నిచ్చెనేసుకుని తిరిగేవాడు. ఆ బొమ్మ ఏ దేశం మీదుగా వస్తోందో మాకెవరికీ పట్టలేదు.

బియ్యం వ్యాపారి అడిగిన ట్రాన్స్‌పాండర్

స్టార్‌లో లేనిది హిందీ. ఆ లోటు కనిపెట్టినవారిలో సుభాష్ చంద్ర ఒకరు. హర్యానాలోని హిసార్‌కు చెందిన వ్యాపార కుటుంబం. సోవియట్ యూనియన్‌కు బియ్యం ఎగుమతి చేశారు. టూత్‌పేస్టులకు వాడే లామినేటెడ్ ట్యూబుల తయారీలో స్థిరపడ్డారు. ముంబయి శివార్లలో ఎసెల్‌వరల్డ్ అనే వినోద పార్కు పెట్టారు. టీవీ అనుభవం లేదు.

ఏషియాశాట్‌లో ఒక ట్రాన్స్‌పాండర్ అద్దెకు కావాలని ఆయన హాంకాంగ్ వెళ్లారు. ట్రాన్స్‌పాండర్ అంటే ఉపగ్రహంలో ఒక ఛానెల్‌ను అందుకుని, బలం పెంచి, కిందికి పంపే పరికరం. ఆ ఉపగ్రహంలో అలాంటివి 24 ఉన్నాయి. భారత్‌లో డబ్బు లేదని స్టార్ పెద్దలు మొదట పెదవి విరిచారనీ, ఏడాదికి 50 లక్షల డాలర్లు ఇస్తానన్నాకే మాట కుదిరిందనీ సుభాష్ చంద్ర తర్వాతి రోజుల్లో చెప్పారు. 1991లో బంగారం కుదువపెట్టి అప్పు తెచ్చుకున్న దేశం నుంచి వచ్చిన వ్యాపారి ఆయన. ఆ మాట వెనక ఎంత తెగింపు ఉందో ఊహించవచ్చు.

తెగింపు సరే, డాలర్లు ఎలా కడతారు? అప్పట్లో విదేశీ మారకద్రవ్యాన్ని నియంత్రించే ఫెరా చట్టం అమల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు అనుమతి లేనిదే విదేశీ మారకద్రవ్యం బయటికి పోదు. ఇక్కడి కంపెనీ అప్‌లింక్ చేయడానికి ప్రభుత్వం ఒప్పుకోదు. రెండు గోడలకూ ఒకటే దారి కనిపించింది, కంపెనీనే రెండు ముక్కలు చేయడం. ప్రసారకర్త హాంకాంగ్ కేంద్రంగా ఉన్న ఏషియా టుడే లిమిటెడ్. ప్రవాస భారతీయుల పెట్టుబడితో ఏర్పడిన సంస్థ అది. ఇక్కడ జీ టెలీఫిల్మ్స్ అనే భారతీయ కంపెనీ కార్యక్రమాలు తయారుచేసి ఆ హాంకాంగ్ సంస్థకు ఇస్తుంది. కాగితం మీద చూస్తే జీ టెలీఫిల్మ్స్ టీవీ ఛానెల్ నడపడం లేదు, టేపులు ఎగుమతి చేస్తోంది, అంతే. ఎగుమతి నేరం కాదు సరికదా, డాలర్ల కరవులో ఉన్న దేశంలో ప్రోత్సహించదగ్గ పని.

1992 అక్టోబరు మొదట్లో ప్రసారాలు మొదలయ్యాయి. మొదట రోజుకు కొన్ని గంటలే. కానీ అంత్యాక్షరి లాంటి ఆటపాటల కార్యక్రమాలు, మధ్యతరగతి సీరియళ్లు, సినిమా ముచ్చట్లు చూసి జనం మళ్లారు. ఆ మరుసటి ఏడాదే, 1993 జనవరిలో, దూరదర్శన్ మెట్రో ఛానెల్‌ను వినోదం వైపు తిప్పింది. ఏప్రిల్ 14న తమిళంలో సన్ టీవీ వచ్చింది. తెలుగులో 1995లో జెమిని, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ. ఇదంతా జరిగింది పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్న అయిదేళ్లలోనే. పరిశ్రమల లైసెన్సులు ఎత్తేసిన ఆ ప్రభుత్వం ప్రసారాల లైసెన్సు జోలికి మాత్రం పోలేదు. తలుపు తియ్యలేదు, కిటికీ మూయలేదు.

టేపు వెళ్లి రావాలి కాబట్టి ఈ ఏర్పాటు వినోదానికి బాగా సరిపోయింది, వార్తలకు సరిపోలేదు. సీరియల్ రెండు రోజులు ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు. సాయంత్రం ఎన్నికల ఫలితం మర్నాడు విమానం దిగి వస్తే దానికి విలువేముంది? ప్రైవేటు టీవీ మన దేశంలో మొదట పాటలతో, కథలతో ఎదిగి, వార్తల్లోకి ఆలస్యంగా రావడానికి జనం అభిరుచి ఒక్కటే కారణం కాదు. అప్‌లింక్ ఎక్కడుందన్నదీ కారణమే. ఈ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

లండన్ నుంచి స్వీడన్‌కు

ఇలాంటి ఎత్తు మనవాళ్లు మాత్రమే వేసింది కాదు. స్వీడన్‌లో టీవీలో ప్రకటనలు నిషిద్ధంగా ఉన్న కాలంలో యాన్ స్టెన్‌బెక్ అనే వ్యాపారి 1987 డిసెంబరు 31న లండన్ నుంచి టీవీ3 ఛానెల్ మొదలుపెట్టారు. స్వీడన్, నార్వే, డెన్మార్క్ ప్రేక్షకుల కోసం, ప్రకటనలతోనే. లండన్‌లో ఉంది కాబట్టి బ్రిటన్ నిబంధనలే వర్తించాయి. యూరప్ ఈ చిక్కును దాచిపెట్టలేదు. 1989లో ఒక ఉమ్మడి ఆదేశం తెచ్చి, ఏ దేశం నుంచి ప్రసారమైతే ఆ దేశ చట్టమే వర్తిస్తుంది, మిగతా సభ్యదేశాలు దాన్ని అడ్డుకోకూడదు అని రాసుకుంది. పిల్లలకు గురిపెట్టిన ప్రకటనలను స్వీడన్ నిషేధించింది కదా, మరి లండన్ నుంచి వచ్చే ప్రకటనకు ఆ నిషేధం వర్తిస్తుందా అన్న తగవు యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1997 జూలైలో తీర్పు వచ్చింది: ఆ నిషేధాన్ని పరాయి దేశపు ఛానెల్‌కు వర్తింపజేయలేరు.

ఆ నియమం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నాకు ముఖ్యమనిపించేది, అక్కడ ఒక నియమం ఉంది. ఏ చట్టం వర్తిస్తుందో అందరికీ తెలుసు. మన దగ్గర సరిగ్గా అదే లేకపోయింది.

క్రికెట్ తగవు, జీవన్ రెడ్డి తీర్పు

1993 నవంబరులో హీరో కప్ జరిగింది. బెంగాల్ క్రికెట్ సంఘం ఆ పోటీల ప్రసార హక్కులను టీడబ్ల్యూఐ అనే విదేశీ సంస్థకు అమ్మింది. దూరదర్శన్ ఒప్పుకోలేదు. మైదానం నుంచి ప్రత్యక్షంగా ప్రసారం చేయాలంటే ఇక్కడి నుంచే అప్‌లింక్ చేయాలి. టేపులు పెట్టెలో పెట్టి పంపే ఉపాయం క్రికెట్‌కు పనికిరాదు. తెచ్చిన పరికరాలను కస్టమ్స్ వాళ్లు ఆపేశారు. వ్యవహారం హైకోర్టుకు, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు చేరింది.

1995 ఫిబ్రవరి 9న వచ్చిన తీర్పు మన ప్రసార చరిత్రలో మైలురాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పింది. వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదు. అలాగని డబ్బున్నవాళ్ల సొంతమూ కాదు. సమాజంలోని అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం ఉండే స్వతంత్ర సంస్థ వాటిని నియంత్రించాలి. జస్టిస్ సావంత్, జస్టిస్ మోహన్ ఒక తీర్పు ఇవ్వగా, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి వేరుగా రాశారు. ఫలితంలో ఏకీభవిస్తూనే ఆయన ఇంకాస్త జాగ్రత్త చెప్పారు. సొంత టీవీ కేంద్రం పెట్టుకునే హక్కు భావప్రకటన స్వేచ్ఛలో దానంతటదే రాదు. రేడియో, టీవీల వంటి శక్తిమంతమైన మాధ్యమానికి 1885 టెలిగ్రాఫ్ చట్టం ఏమాత్రం చాలదు, పార్లమెంటు కొత్త చట్టం చేయాలి.

ఆ తీర్పు ఇప్పటికీ చదవదగ్గది. ప్రభుత్వం చేతిలోంచి తీసి కంపెనీల చేతిలో పెట్టమని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒక్కరూ అనలేదు. జరిగింది మాత్రం చాలావరకు అదే. స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం 1997లో ప్రసారాల బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చింది కానీ చట్టం కాలేదు. ధరలు, పంపిణీ వ్యవహారాలు 2004లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు అప్పగించారు. తెర మీద ఏముండాలి అన్నది ఇప్పటికీ సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ చేతిలోనే ఉంది.

విదేశీ అనే మినహాయింపు

కోర్టు తీర్పుకు కొన్ని నెలల ముందే ప్రభుత్వం కేబుల్ గురించి కదిలింది. 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సు, 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం. కేబుల్ ఆపరేటర్ తన పేరును హెడ్ పోస్టాఫీసులో నమోదు చేయించుకోవాలి. దూరదర్శన్ ఛానెళ్లను తప్పక ఇవ్వాలి. కార్యక్రమాలకు, ప్రకటనలకు నియమావళి పాటించాలి. అసభ్యం, మతద్వేషం, పరువునష్టం వగైరాలు ఉండకూడదు.

ఆ చట్టంలోని అయిదు, ఆరు సెక్షన్లకు ఒక మినహాయింపు రాశారు. డీకోడర్ లాంటి ప్రత్యేక పరికరం లేకుండా అందుకోగల విదేశీ ఉపగ్రహ ఛానెళ్లకు ఈ నియమావళి వర్తించదు. అంటే జనం ఎక్కువగా చూస్తున్నవాటికే నియమావళి లేదు. వీధి చివర వీసీఆర్‌లో సినిమా వేసే ఆపరేటరుకు నియమాలున్నాయి. ముంబయిలో తయారై, ముంబయిలో డబ్బు చేసుకుని, హాంకాంగ్ మీదుగా వచ్చే ఛానెల్‌కు లేవు. ఈ మినహాయింపును తొలగించింది 2000లో.

దీన్ని ఛానెళ్ల కుట్రగా చూడటం సరికాదనుకుంటాను. ప్రభుత్వానికీ ఇది అనువుగానే ఉంది. ప్రైవేటు ఛానెల్‌కు అనుమతివ్వడం అంటే ఎవరికివ్వాలి, ఏ షరతుల మీద ఇవ్వాలి అని పార్లమెంటులో తేల్చాలి. విదేశీ అనుకుంటే తేల్చక్కర్లేదు. అలా ఎనిమిదేళ్లు గడిచాయి. ఆ ఎనిమిదేళ్లలోనే మన టీవీ అలవాట్లన్నీ స్థిరపడ్డాయి, ప్రకటనలే ప్రాణంగా బతికే పద్ధతితో సహా.

ఒకే ఉపగ్రహం కింద నాలుగు దేశాలు

ఏషియాశాట్ వెలుగు పడ్డ ప్రతి దేశం ఒక్కోలా స్పందించింది. 1993లో స్టార్‌లో ప్రధాన వాటాను కొన్న మీడియా వ్యాపారి రూపర్ట్ మర్డాక్, ఆ సెప్టెంబరులో లండన్‌లో మాట్లాడుతూ కొత్త ప్రసార సాంకేతికత నిరంకుశ ప్రభుత్వాలకు ముప్పు అన్నారు. మరుసటి నెలే చైనా ఇళ్ల మీద డిష్‌లను నిషేధిస్తూ ఉత్తర్వు తెచ్చింది. 1994 ఏప్రిల్‌లో స్టార్ తన ఉత్తర బీమ్ నుంచి బీబీసీ వార్తలను తీసేసింది. దక్షిణ బీమ్‌లో, అంటే మనకు, బీబీసీ కొనసాగింది. ఒకే ఉపగ్రహం, రెండు రకాల స్వేచ్ఛ.

1993 డిసెంబరులో మర్డాక్ ఏషియా టుడేలో 49.9 శాతం కొన్నారు. అలా జీ, స్టార్ ఒకే ఇంట్లో ఉన్న జ్ఞాతుల్లా తయారయ్యాయి. హిందీ జీకి, ఇంగ్లీషు స్టార్‌కు అన్నట్టు ఒప్పందం. ఆ కాపురం 1999లో ముగిసింది. సుభాష్ చంద్ర దాదాపు 30 కోట్ల డాలర్లిచ్చి ఆ వాటా వెనక్కి కొనుక్కున్నారు. హిందీలోకి రావడానికి అడ్డు తొలగిన స్టార్, మరుసటి ఏడాదే జీని దాటిపోయింది.

ఈలోగా జీ అసలైన పరాయి గడ్డ మీదా అడుగుపెట్టింది. 1995లో బ్రిటన్‌లోని టీవీ ఏషియాను తీసుకుని జీ టీవీగా మార్చింది. 1998లో అమెరికా వెళ్లింది. ఈ ప్రయాణం మొదటిదానికి పూర్తిగా తలకిందులు. హాంకాంగ్ నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు ఎవరి లైసెన్సూ లేకుండా భారతీయ ఇళ్లలోకి వచ్చిన ఛానెల్, బ్రిటన్‌లోని భారతీయ ఇళ్లలోకి వెళ్లడానికి అక్కడి నియంత్రణ సంస్థ నిబంధనల కిందికి రావలసివచ్చింది.

పాకిస్తాన్‌లో జీ టీవీకి 90ల్లోనే ఇంటింటా అభిమానులు. ఉర్దూ, హిందీ చెవికి ఒకటే. ఆ అభిమానాన్ని రెండు ప్రభుత్వాలూ రాజకీయ వాతావరణాన్ని బట్టి తెరిచీ మూసీ నడిపాయి. 1999లో కార్గిల్ యుద్ధ సమయంలో మన ప్రభుత్వం కేబుల్‌లో పాకిస్తాన్ ప్రభుత్వ ఛానెల్ పీటీవీని నిషేధించింది. 2014 జూన్‌లో జీ సంస్థ జిందగీ అనే ఛానెల్ పెట్టి పాకిస్తానీ సీరియళ్లను మన ఇళ్లకు తెచ్చింది. నిడివి తక్కువ, ఆర్భాటం తక్కువ, సంభాషణ బాగుంటుంది అని హైదరాబాద్‌లో ఉర్దూ వచ్చిన ఇళ్లలోనూ ఇష్టంగా చూశారు. 2016 సెప్టెంబరులో ఉరీ దాడి తర్వాత ఆ సీరియళ్లు ఆగాయి. మరుసటి నెల పాకిస్తాన్ అన్ని భారతీయ ఛానెళ్లనూ ఆపేసింది.

బంగ్లాదేశ్ పద్ధతి వేరు. అక్కడి ప్రభుత్వానికి సీరియళ్ల కన్నా ప్రకటనలే సమస్య. భారతీయ ఛానెల్‌లో వచ్చే సబ్బు ప్రకటన ఢాకాలో కూడా కనిపిస్తే, ఆ కంపెనీ ఢాకా ఛానెల్‌కు వేరే డబ్బెందుకు ఇస్తుంది? అందుకే 2021 అక్టోబరు 1 నుంచి ప్రకటనలు తీసేసిన సంకేతమైతేనే విదేశీ ఛానెళ్లను అనుమతిస్తామని గట్టిపట్టు పట్టింది. 1992లో జీని పుట్టించింది సరిహద్దులు దాటే ప్రకటనల సొమ్మే. సరిహద్దు గీత గీయాల్సివచ్చినప్పుడు బంగ్లాదేశ్ సరిగ్గా అక్కడే గీసింది.

మూడు మెట్లుగా వెనక్కి వచ్చిన సరిహద్దు

మన ప్రభుత్వం తలుపు తెరిచింది 1998లో. భారతీయుల చేతిలో 80 శాతం వాటా ఉన్న కంపెనీలు ప్రభుత్వ రంగ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా ఇక్కడి నుంచే అప్‌లింక్ చేసుకోవచ్చంది. 2000 జూలైలో ఇంకా విశాలమైన మార్గదర్శకాలు వచ్చాయి. అదే ఏడాది ఫెరా పోయి, దాని స్థానంలో ఫెమా అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. టేపుల పెట్టెలు విమానం ఎక్కాల్సిన అవసరం తీరింది. తెలుగులో 24 గంటల వార్తా ఛానెళ్లు వరసగా పుట్టింది ఆ తర్వాతే.

అప్‌లింక్ ఇంటికొచ్చాక ప్రభుత్వం రెండో వైపుకు తిరిగింది. 2005 నవంబరులో డౌన్‌లింక్ మార్గదర్శకాలు తెచ్చింది. ఎక్కడి నుంచి ప్రసారమైనా సరే, ఇక్కడి కేబుల్‌లో, డీటీహెచ్‌లో కనిపించాలంటే ఆ ఛానెల్ ఇక్కడ నమోదు కావాలి. 1885 చట్టం వదిలేసిన సందు, పైనుంచి పడేదాన్ని పట్టుకునే సందు, నూట ఇరవై ఏళ్లకు అలా మూతపడింది. పార్లమెంటు చేసిన చట్టంతో కాదు, మంత్రిత్వశాఖ మార్గదర్శకాలతో. జీవన్ రెడ్డి కోరింది ఇది కాదు.

2022 నవంబరులో వచ్చిన కొత్త మార్గదర్శకాలు విదేశీ ఛానెళ్లు మన టెలిపోర్టుల నుంచి, అంటే ఇక్కడి అప్‌లింక్ కేంద్రాల నుంచి, అప్‌లింక్ చేసుకోవడానికి వీలిచ్చాయి. అంటే ఒకప్పుడు హాంకాంగ్ మనకు చేసిన పనిని ఇప్పుడు మనం ఇతరులకు చేయవచ్చు. టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది.

మూడో మెట్టు ఉపగ్రహం. విదేశీ ఉపగ్రహం ఏదైనా మన దేశంలో సేవలందించాలంటే అంతరిక్ష రంగాన్ని పర్యవేక్షించే ఇన్‌స్పేస్ అనుమతి 2025 నుంచి తప్పనిసరి. చైనాతో సంబంధమున్న ఉపగ్రహాల దరఖాస్తులను అది తిరస్కరించింది. ఏషియాశాట్‌కు రెండు ఉపగ్రహాల మీద మాత్రం, అదీ 2026 మార్చి వరకే గడువిచ్చింది. ఆ సంస్థలో చైనా ప్రభుత్వ వాటా 1990లోనూ ఉన్నదే. సైట్ రోజుల్లో గానీ, హాంకాంగ్ రోజుల్లో గానీ ఉపగ్రహం ఎవరిదని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. అంతరిక్షంలో దారి తప్పి, వ్యోమగాముల చేతుల్లో భూమికొచ్చి, మళ్లీ ఎగిరిన ఆ మొదటి ఉపగ్రహం వారసుల మీద జీ ఛానెళ్లు మూడు దశాబ్దాలు నడిచాయి. ఇప్పుడు అవి మన జీశాట్, విదేశీ ఇంటెల్‌శాట్ ఉపగ్రహాల మీదికి మారిపోయాయి.